మదరసా పాతదీ, కాన్సెప్ట్ స్కూల్ కొత్తదీనా?

మా కార్ఖానా మెయిన్ రోడ్డు మీద స్కూళ్ళ హోర్డింగులన్నిట్లో ఒకటే పాట: "బట్టీ కాదు, ఆధునిక పద్ధతి". మదరసా అనగానే మాత్రం మనకి ఊగుతూ వల్లెవేసే పిల్లలూ, మౌల్వీగారి బెత్తమే గుర్తొస్తాయి. అక్కడిది పాత చదువు, మనది కొత్త చదువు! ఈ లెక్క తప్పని నా అభిప్రాయం.

ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో 'ముఖద్దిమా' రాశాడు. ఏ విద్యనైనా మూడు విడతల్లో చెప్పాలంటాడు అందులో. ముందు ముఖ్యాంశాలు, తర్వాత వివరాలు, చివర్న చిక్కుముళ్ళు. 1960లో జెరోమ్ బ్రూనర్ చెప్పిన 'స్పైరల్ కరిక్యులం' దీనికి చాలా దగ్గర. పిల్లల్ని దండిస్తే అబద్ధాలూ నటనా అలవడతాయనీ రాశాడు. మన విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బల్ని నిషేధించింది 2009లో!

ఇంకో రెండు మాటలు మనకే తగుల్తాయి. కుదించి రాసిన పుస్తకాలు చదువుకి చేటన్నాడు. ఎంసెట్ మెటీరియల్ మింగి వచ్చినవాళ్ళం కదా మనం! రెండోది, ట్యూనిస్‌లో 5 ఏళ్ళు సరిపోయే చదువుకి మొరాకోలో 16 ఏళ్ళు పడుతోందట. కారణం, అక్కడి విద్యార్థులు నోరు మెదపకుండా కంఠస్థం చేయడమే. చర్చిస్తేనే విద్య పట్టుబడుతుందంటాడు. ఇంటర్వ్యూల్లో చూస్తుంటాను, ఫ్రెషర్లు పాలిమార్ఫిజం నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. "ఎక్కడ వాడావు బాబూ?" అంటే మౌనం. వీళ్ళు మదరసాలో చదివినవాళ్ళు కారు.

అలాగని "అన్నీ మావాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" టైపు వాదన కాదిది. తేడా ఉంది. జాన్ డ్యూయీ లాంటివాళ్ళకి చదువు గమ్యం ముందే ఖరారై ఉండదు, ఇస్లామీ విద్యలో దైవవాక్యమే హద్దు. ఆ హద్దు దగ్గర నా ఓటు డ్యూయీకే. కానీ ఎలా చెప్పాలన్న దగ్గర ఇద్దరికీ పెద్ద పేచీ లేదు. రెండూ ఒకచోట ఇమడవనేవాళ్ళు మన ఉస్మానియానే చూడొచ్చు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై, అనువాద విభాగం పెట్టుకుని మరీ ఆధునిక శాస్త్రాలు చెప్పింది.

కనక ఖల్దూన్ మాట ఇవాళ్టి మదరసాకీ వర్తిస్తుంది, లక్షల ఫీజు గుంజే కార్పొరేట్ కాలేజీకీ వర్తిస్తుంది. పిల్లల్ని చేర్చేముందు బోర్డు మీద ఏం రాశారో చూడకండి. క్లాసులో పిల్లాడు ఎదురు ప్రశ్న వేస్తే ఏమవుతుందో కనుక్కోండి. ఏమంటారు?