పాడని చిలుక చెప్పిన కథలు

వారం వారం సీరియల్ కోసం పోస్ట్‌మ్యాన్ వైపో, కిళ్లీకొట్టు వైపో ఆశగా చూసిన తరం మన దగ్గరే కాదు, కేరళలోనూ ఉంది. మన సీరియల్ చివర ‘సశేషం’ అని ఉంటే, వాళ్లకు ‘తుడరుం’ అని ఉండేది. అంటే ‘కొనసాగుతుంది’ అని. ఆ ఒక్క మాట చూసి ఉసూరుమనని ఇల్లాలు లేదు!

ఆ కథలకు పుట్టిల్లు కొట్టాయం. బెంజమిన్ బెయిలీ 1821లో అచ్చుయంత్రం పెట్టిన ఊరది. 1945లో రచయితలే సహకార సంఘంగా ఏర్పడి తమ పుస్తకాలు తామే వేసుకున్నదీ అక్కడే. ఇంత ఘనమైన ఊరి నుంచే పండితులు ముఖం చిట్లించుకునే వారపత్రికలూ వచ్చాయి. మనోరమ, మంగళం, మనోరాజ్యం... పేర్లన్నీ ‘మ’తోనే మొదలు. అందుకే వాటిని ‘మ’ పత్రికలు అని వెక్కిరించారు.

వెక్కిరింతకు మరో మాట కూడా ఉంది... ‘పైంకిళి’. అసలు అర్థం పచ్చని చిలుక. ముట్టత్తు వర్కి 1955లో ‘పాడాత్త పైంకిళి’ (పాడని చిలుక) అనే నవల తెచ్చారు. పేదింటి అమ్మాయి, కలవారి అబ్బాయి, మధ్యలో డబ్బు గోడ. పొలం గట్లు, చర్చి గంటలు, పెళ్లి కట్నాల బెంగ... అంతా పాఠకులకు తెలిసిన లోకమే. భాష కూడా ఇంట్లో మాట్లాడుకునేదే. 1957లో అది సినిమాగానూ వచ్చింది. ఆయన నవలలు ఇరవైకి పైగా వెండితెరకెక్కాయి. కానీ విమర్శకులు మాత్రం ఆ పేరులోంచి చిలుకను పట్టుకుని, చవకబారు ప్రేమకథలన్నిటికీ అదే ముద్ర వేశారు.

ముద్ర పడినా గిరాకీ తగ్గలేదు. 1969లో ఎం.సి. వర్గీస్ మొదలుపెట్టిన ‘మంగళం’ అమ్మకాలు 1985 నాటికి 17 లక్షల దాకా చేరాయి. ఒకరు కొంటే ఇల్లంతా, ఆపై పక్కింటివాళ్లు చదివేవారు. ప్రేమకథల పక్కనే డిటెక్టివ్ కథలూ ఉండేవి. బడిలో పాఠాలు చెప్పే కొట్టాయం పుష్పనాథ్ సృష్టించిన డిటెక్టివ్ మార్క్సిన్ కోసం కుర్రకారు కాచుకుని కూర్చునేది.

80లలో ఈ పత్రికలు జనాన్ని చెడగొడుతున్నాయంటూ ప్రచారోద్యమాలు సాగాయి. మన దగ్గర ‘క్షుద్ర సాహిత్యం’ మీద రగడ జరిగిన కాలమే అది. అయితే కేరళలో చాటుమాటుగా చేతులు మారే శృంగార పుస్తకాలకు వేరే పేరుంది... ‘కొచ్చుపుస్తకం’. అంటే చిన్న పుస్తకం. అది దాచుకుని చదివేది. వారపత్రిక మాత్రం వరండాలో బల్లమీద ఉండేది. రెంటినీ ఒకే గాటన కట్టినవాళ్లకు ఆ తేడా పట్టలేదు.

1989లో కొట్టాయం దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్యత పట్టణమైంది. 1991లో కేరళ మొత్తానికీ ఆ ఘనత దక్కింది. అక్షరాలు నేర్పింది బడి, గ్రంథాలయం. నేర్చుకున్న అక్షరాలను మర్చిపోకుండా వారానికోసారి చదివించింది మాత్రం ఈ పత్రికలే. వంటపని ముగించుకుని, చీరకొంగుకు చేతులు తుడుచుకుంటూ పత్రిక అందుకున్న గృహిణికి సాహిత్యమంటే అదే. ఆమె అభిరుచిని ఎగతాళి చేసినవాళ్లు చాలామందే. ఆమెకు ఏం కావాలో అడిగినవాళ్లు తక్కువ.

90లలో టీవీ వచ్చింది. పాఠకురాలు ప్రేక్షకురాలైంది. జోయ్‌సీ, సుధాకర్ మంగళోదయం వంటి సీరియల్ రచయితల కథలు కూడా ఆమె వెంటే బుల్లితెరకు వెళ్లాయి. పత్రికల జోరు తగ్గింది.

వర్కి 1989లో కన్నుమూశారు. 1992 నుంచి ఆయన పేరిట అవార్డు ఇస్తున్నారు. తొలి ఏడాది అందుకున్నది ఓ.వి. విజయన్, మరుసటి ఏడాది బషీర్. ఎవరూ పైంకిళి అని వేలెత్తి చూపలేని మహారచయితలు వాళ్లు! 2025లో ‘పైంకిళి’ పేరుతోనే మలయాళంలో ఓ సినిమా విడుదలైంది. ఒకప్పుడు తిట్టుగా వాడిన మాట ఇప్పుడు పోస్టర్ ఎక్కింది. పాడదనుకున్న చిలుక ఇంకా పలుకుతూనే ఉంది.