సీసామీది చీటి

ప్రయోగశాలలందలి కొన్ని చిన్న సీసాలమీద "పరిశోధనకు మాత్రమే, మనుష్యులకు వాడరాదు" అను చీటి యంటింపబడి యుండును. లోపలి పదార్థము మన దేహమున సహజముగ నుండునదే యైనపుడు ఈ నిషేధ మేల యని కొందఱు ప్రశ్నింతురు. ఆ చీటి వట్టి లాంఛనము కాదనియు, దానిని మన్నించుట చదువుకొన్నవారి విధి యనియు నా యభిప్రాయము.

ఒక యుదాహరణమును దీసికొందము. మన దేహమందలి జీవకణములు కొన్ని ప్రోటీనుల మూలమున నొకదాని కొకటి వార్తలు పంపుకొనును. అట్టి వార్తాహరులలో 'ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టరు' అనునది యొకటి. ఇది 53 అమైనో ఆమ్లముల గొలుసు. చర్మకణముపై నున్న గ్రాహకమును ఇది తాకగనే, విభజింపుమను నాజ్ఞ కణములోనికి జేరును. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ కోహెన్ దీనిని చిట్టెలుకల లాలాజల గ్రంథులనుండి వేఱుచేసి 1962లో ప్రకటించెను. దీనిని సూదిమూలమున నెక్కింపగా, ఎలుకపిల్లలు నియతకాలముకంటె ముందే కనులు తెఱచినవి. 1986లో ఆయనకును, ఇటలీలో జన్మించిన రీటా లెవీ మోంటాల్చినీకిని కలిపి నోబెల్ బహుమానము లభించెను.

నేడు దీనికై ఎలుకలను జంప నక్కఱలేదు. మనుష్యునియందలి యా ప్రోటీనునకు మూలమైన జన్యువును బాక్టీరియాలో గాని యీస్టులో గాని చేర్చి, ఆ సూక్ష్మజీవులచేతనే దానిని జేయించి, శుద్ధిపఱచి, తెల్లని పొడిగ సీసాల కెత్తుచున్నారు. కణములను బెంచు పోషకద్రవమునందు మిల్లీలీటరునకు పది యిరువది నానోగ్రాములు తఱచుగ చాలును. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. ఈ ప్రోటీనువలన గలిగిన మేలు కొలదికాదు. 1975లో రైన్‌వాల్డు, గ్రీను అను శాస్త్రజ్ఞులు మానవ చర్మకణములను పాత్రలో బెంచు విధమును జూపిరి. ఇది చేర్చినచో నా కణములు మఱింతకాలము వృద్ధి పొందునని 1977లో తెలిపిరి. అట్లు పెంచిన చర్మము పిమ్మట ఒడలు కాలినవారి ప్రాణములను గాచినది.

అయితే పుండును మాన్పు నాజ్ఞయే రాచపుండునకును బలమీయవచ్చును. కొన్ని క్యాన్సరులయందు ఈ గ్రాహకమే యదుపుతప్పి పనిచేయుచుండును. కావుననే దానిని అడ్డగించు 'సెటక్సిమాబ్' అను మందునకు 2004లో అమెరికా ప్రభుత్వ మనుమతి నిచ్చినది.

"ఇదే ప్రోటీను మధుమేహరోగుల కాలిపుండ్లకు మందుగ నున్నది గదా! మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థయే దానిని జేసినది గదా!" యని యెవరైన ననవచ్చును. నిజమే. కాని మందు వేఱు, పరిశోధనద్రవ్యము వేఱు. మందు రోగులయందు క్రమముగ పరీక్షింపబడి, మోతాదు నిర్ణయింపబడి, ప్రభుత్వానుమతి పొంది వచ్చును. పరిశోధనసీసా యా త్రోవను రాలేదు. దానిని జేసిన బాక్టీరియాయొక్క విషశేషము మనుష్యరక్తమునకు హాని చేయనంత తక్కువగ నున్నదని యెవరును పూచీపడలేదు. పేరొక్కటి యైనంతమాత్రమున రెండును ఒక్కటి కానేరవు.

యౌవనము నిత్తుము, కండబలము నిత్తుము అని యిట్టి పొడులను ఆశచూపి యమ్మువారు నేడు కలరు. శాస్త్రజ్ఞుల మాటలనే వారును వల్లింతురు, చీటినిమాత్రము చూపరు. కావున తలిదండ్రులు అట్టివారిని రెండు ప్రశ్న లడుగవలెను: ఇది మనుష్యులయందు పరీక్షింపబడినదా? దీని నెవ రనుమతించిరి? సమాధానము లేనిచో సొమ్ము నీయకుండుట మేలు.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు ప్రయోగశాలలలో నిట్టి సీసాలను చేతబట్టుదురు. ఒక నానోగ్రామునకు గల శక్తి నెఱిగినవారే దానికి హద్దు నిలుపగలరు. శాస్త్రము మీ కిచ్చు నధికారముతోపాటు ఆ హద్దును గూడ నేర్చుకొనుడు.