బంజరని ముద్ర వేసేముందు

మన భాష గడ్డిని చిన్నచూపే చూసింది. విలువలేని దానిని గడ్డిపోచతో పోలుస్తాము. తప్పు చేసినవాడికి గడ్డి పెడతాము. వినాయకుడికి గరిక, శ్రాద్ధానికి దర్భ దొరికితే చాలు, మిగిలినవాటి పేరైనా అడగము. అందుకే ఆదోని కోటకొండల మీద, ఎమ్మిగనూరు చుట్టుపట్ల రాతినేలల మీద పెరిగే పందిముల్లు గడ్డిని గురించి నాలుగు మాటలు వ్రాయాలనిపించింది.

వృక్షశాస్త్రంలో దీని పేరు హెటెరోపోగాన్ కంటార్టస్. కంటార్టస్ అంటే మెలితిరిగినది. గింజకు ఒక కొసన సూదివంటి ముల్లు, రెండవ కొసన పొడవైన తోక ఉంటాయి. తోక తడిస్తే మెలి విడుతుంది, ఆరితే మళ్ళీ పడుతుంది. ఆ తిరుగుడుకు గింజ బరమాలాగ మట్టిలోకి దిగి, వేసవి మంటల నుండి తప్పించుకుంటుంది. పైన కాలిన దుబ్బు కూడా తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది.

ఆ ముల్లే గొర్రెలకు శత్రువు. బొచ్చులో చిక్కుకొని చర్మంలోకి దిగితే ఉన్నీ, తోలు రెండూ చెడతాయి. అయితే వెన్ను వేయకముందు, మళ్ళీ ముళ్ళు రాలిన తరువాత ఇదే మంచి మేత. పూతకు ముందే కోస్తే ఎండుగడ్డిగా నిలవ చేసుకోవచ్చును. కప్పులకూ పనికివస్తుంది, హవాయి దీవులవారు దీనిని 'పిలి' అని పిలిచి ఇళ్ళు కప్పుకొనేవారు. మందను ఎప్పుడు తోలాలో, ఎప్పుడు మళ్ళించాలో తెలియడమే ఇక్కడ అసలు విద్య. అది కాపరుల దగ్గర ఉంది.

2000లో వెలువడిన దేశ బంజరు భూముల అట్లాసు మాత్రం పొదలతో కూడిన మెట్టనేలలను సైతం బంజరు పద్దులోనే వేసింది. ఆ ముద్ర పడిన నేలలో చెట్లు నాటినా, సౌరఫలకాలు పరచినా లాభమే తప్ప నష్టం లేదన్న భావన కలుగుతుంది. సౌరవిద్యుత్తు వద్దని నేననను. అప్పటి కర్నూలు జిల్లాలో 2017 నాటికి వెయ్యి మెగావాట్ల సౌరపార్కు వచ్చింది; దాని అవసరం దానికి ఉన్నది. అదే జిల్లాలో 1988లో బట్టమేక పిట్ట కోసం రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది. పేరులో అరణ్యమున్నా, అక్కడ కాపాడవలసినది గడ్డినేలనే.

మితిమీరి మేపితే ఈ గడ్డి వెనుకబడి, పసలేని ఏకవార్షిక గడ్డి ఆక్రమిస్తుందన్నదీ నిజమే. దానికి మందు మేతకు విరామమివ్వడం. నేలను కాజేయడం కాదు. కనుక నా మనవి ఒక్కటే: ఏ గుట్టనైనా బంజరని వ్రాసేముందు అక్కడ మేపుకొనే వారిని వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి అడగండి. ఒక్క ఋతువులో చూసిన గడ్డికి తీర్పు చెప్పడం న్యాయం కాదు.