మైనం మనది, బొమ్మ కూడా మనదే కావాలి



ఇత్తడి బొమ్మ దేనితో మొదలవుతుందని అడిగితే చాలామంది ఇత్తడితోనే అంటారు. కాదు, మైనంతో మొదలవుద్ది. ఆ మైనం ఎవరి చేతుల మీదుగా అడవి దాటి వస్తోంది? తేనె తీసే మన చెంచు అన్నల చేతుల మీదుగా. తేనె గురించి అందరూ మాట్లాడతారు. పట్టు పిండాక మిగిలిన మైనం గురించి ఎవరూ మాట్లాడరు. పట్నంలో షోరూం అద్దాల వెనక ఇత్తడి బొమ్మకు వేలల్లో రేటు కట్టేటప్పుడు ఆ మైనం ఎవరికీ గుర్తుండదు.

అందుకే ఈ మాట చెబుతున్నా. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మన పిల్లలు చిన్న చిన్న పోత బొమ్మలు చేయడం మొదలుపెట్టాలి.

ఇది ఎక్కడో విదేశాల నుంచి తెచ్చుకోవాల్సిన విద్య కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజ కుటుంబాలు గోండుల దేవతామూర్తులను, గంటలను, నగలను ఇట్లాగే పోస్తాయి. డోక్రా అంటారు దాన్ని. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. మైనాన్ని దారాల్లా తీసి దాని చుట్టూ చుట్టి, బొమ్మ రూపం తెస్తారు. దానిపైన మెత్తటి మట్టి పూత వేసి, దారి వదిలి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుద్ది. చల్లారాక మట్టి పగలగొడతారు. అంటే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. రెండోది కావాలంటే మళ్లీ మైనం దగ్గరి నుంచి చెయ్యి పెట్టాల్సిందే. మిషను ఈ పనిని మింగలేకపోయింది అందుకే.

చిన్న బొమ్మే గదా అని తక్కువ చేసుకోకండి. 1926లో మొహెంజోదారోలో దొరికిన నాట్యగత్తె ఎత్తు 10.5 సెంటీమీటర్లే. అదీ మైనం పోతే. నాలుగు వేల ఏళ్లు దాటినా నడుం మీద చెయ్యి పెట్టుకొని అట్లాగే నిలబడి ఉంది.

మరి ఎట్లా మొదలుపెట్టాలి? మొదటి నెల నిప్పు జోలికే పోవద్దు. పట్టు ముక్కలను నీళ్లలో మరిగించి, గుడ్డలో వడకట్టి చల్లారనివ్వండి. మైనం పైన పలకలా గడ్డకడుతుంది. మన రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే, మధ్యాహ్నం మైనం వేళ్లకు అంటుకుపోద్ది. కాస్త గుగ్గిలం కలిపితే గట్టిపడుద్ది. పొద్దున్నే కూర్చోండి, పక్కన చన్నీళ్ల గిన్నె పెట్టుకోండి. బొటనవేలంత బొమ్మ చేయండి. బాగా రాకపోతే కరిగించి మళ్లీ చేయండి, పోయేదేం లేదు. పది బొమ్మలు చేశాక పదకొండోది పోతకు ఇవ్వొచ్చు.

పోత మాత్రం తెలిసినవాళ్ల దగ్గరే. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. తడి అచ్చులో పోస్తే ఆవిరి పుట్టి లోహం ఎగజిమ్ముద్ది. ఇత్తడిలోని జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తది, ఆరుబయటే పని జరగాలి. సీసం తొందరగా కరుగుద్దని పాత బ్యాటరీలు మాత్రం ముట్టుకోవద్దు, అది విషం. లెక్క కూడా నేర్చుకోండి. మైనం ఎంత బరువుంటే దానికి సుమారు 9 రెట్లు ఇత్తడి పడుద్ది. పది గ్రాముల మైనానికి 90 గ్రాములు, పోసే దారికి మరికొంత. ఈ లెక్క తెలిసినవాణ్ని షావుకారు మోసం చెయ్యలేడు.

ఇప్పుడు హక్కు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో తేనెతో పాటు మైనాన్ని కూడా పేరుపెట్టి చెప్పింది. సంప్రదాయంగా సేకరించేవాళ్లకు వాటి మీద యాజమాన్య హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఉన్నాయి. పల్నాడు ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు గదా అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఈ చట్టానికి షెడ్యూల్ ప్రాంతంతో ముడి లేదు, అడవి ఉన్న చోటల్లా వర్తిస్తది.

హక్కుతో పాటు నీతి కూడా ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరు అక్కడి ఓజ కుటుంబాలది. వాళ్ల దగ్గరికి పోయి, వాళ్లను గురువులుగా గౌరవించి, కూలి ఇచ్చి నేర్చుకుందాం. వాళ్ల పేరు మన బొమ్మ మీద వేసుకోవద్దు, వాళ్ల ఏనుగునూ గుర్రాన్నీ కాపీ కొట్టొద్దు. మనకేం తక్కువ? చెంచు బాణం ఉంది, ఇప్పపువ్వు ఉంది. సుగాలి నాయనమ్మల గజ్జెలున్నాయి. యానాదుల చేపల బుట్ట ఉంది. ఎరుకల అక్కల వేళ్లకు అల్లిక తెలుసు. మైనపు దారం చుట్టడమూ అల్లికే గదా!

చదువుకున్న పిల్లలు మైనం పిసకడం ఏంది, ఉద్యోగాలు అడగాలి గానీ అని కొందరంటారు. ఉద్యోగాలు అడగాల్సిందే, బ్యాక్‌లాగ్ పోస్టుల కోసం కొట్లాడాల్సిందే. కానీ ఆ పోరాటం సాగినన్నాళ్లూ అడవి నుంచి ముడిసరుకు ఇచ్చి, కూలి తీసుకొని పక్కకు తప్పుకోవడమే మన వంతా? మైనం ఇచ్చేవాళ్లం మనమైతే, బొమ్మ చేసేవాళ్లం, రేటు చెప్పేవాళ్లం కూడా మనమే కావాలి.

కాబట్టి ఐటీడీఏను అడగాల్సింది మూడు రోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూపు ఫొటో కాదు. గూడేనికి, తండాకు ఉమ్మడి కొలిమి అడగండి. ఓజ గురువులను నెలల తరబడి ఉంచి నేర్పించమనండి. మైనానికి న్యాయమైన రేటు అడగండి. ప్రతి బొమ్మ అడుగున చేసినవాళ్ల పేరు ఉండాలని పట్టుబట్టండి. 'గిరిజన కళ' అని చీటీ అంటించి మనిషి పేరు తీసేస్తే అదీ దోపిడీయే. ఆ పేరును మైనం మెత్తగా ఉన్నప్పుడే మీ గోటితో చెక్కండి. ఇత్తడి అయ్యాక ఎవరూ చెరపలేరు.

జోహార్!