పాత లారీకి సరియైన ముక్క



ధాన్యపు బస్తాలను జనగామ మార్కెట్టుకు చేరవేసిన తండ్రుల కాలపు లారీ ఏదైనా మీ బచ్చన్నపేట వైపు ఊళ్ళలో, వేపచెట్టు క్రింద నిలిచియున్నదా? దానిని మరల నడిపించవలెనని మీ కుమారులు ముచ్చటపడుచున్నారా? అయితే ఈ నెల మాటలు వారికి చదివి వినిపించండి.

ఇట్టి పనిలో ఇంటి సొమ్ము పోయే దారి ఒకటున్నది. అది "దాదాపు సరిపోయే" ముక్క. బొత్తిగా సరిపోనిదానిని దుకాణంలోనే తిరిగి ఇచ్చేస్తాము. దాదాపు సరిపోయేది మాత్రం బండిలోనికి ఎక్కి కూర్చుంటుంది. బరువుతో రోడ్డెక్కిన తరువాత తన గుణం చూపుతుంది.

కాబట్టి మొదట ఆ బండి ఏ దేశపు కొలతలతో పుట్టినదో తెలిసికొనండి. టాటా వారి టెల్కో కంపెనీ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ వారితో ఒప్పందం చేసికొని లారీలు తయారుచేసింది. 1969 వరకు సాగిన ఆ కాలపు లారీ ముందర మూడు కొనల నక్షత్రం ఉండేది. జర్మను నమూనా గనుక దాని బోల్టులు మిల్లీమీటర్ల కొలతవి. ఇంగ్లండు మూలముగల పాత లేలాండ్, బెడ్‌ఫోర్డ్, అమెరికా మూలముగల డాడ్జ్, ఫార్గో లారీలు అంగుళాల కొలతవి. అంగుళాలలోను తేడా ఉన్నది: పాత ఇంగ్లీషు మర కోణం 55 డిగ్రీలు, అమెరికా మర కోణం 60 డిగ్రీలు.

ఈ తేడా ఎంత మోసం చేస్తుందో చూడండి. అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టు 7.94 మిల్లీమీటర్లు. దాని ప్రక్కన 8 మిల్లీమీటర్ల బోల్టు పెడితే కంటికి రెండూ ఒక్కటే. అయితే మర చుట్ల మధ్య దూరం వేరు. ఒకదాని నట్టు రెండవదానికి రెండు మూడు చుట్లు చక్కగా తిరిగి బిగుసుకొనును. అప్పుడు పానాతో బలవంతం చేస్తే మర అరిగిపోవును, బిగిసినట్లే కనబడును, అదురుకు ఊడిపోవును. కాబట్టి నట్టు మొదట చేతివ్రేళ్ళతోనే చివరి వరకు తిరగవలెను. తిరగనిది మనది కాదు.

రెండవ సంగతి. బండి ముందరి పేరు చూచి సామాను కొనవద్దు. ఇన్నేళ్ళలో ఆ లారీకి వేరే ఇంజనో, వేరే గేరు పెట్టెయో అమర్చి ఉండవచ్చును. ఇంజను మీద చెక్కిన అంకెలను తుడిచి చదవండి. టాటా 692 అంటే 6 సిలిండర్లు, ఒక్కొక్కటి 92 మిల్లీమీటర్ల వెడల్పు. 697 అంటే 97 మిల్లీమీటర్లు. ఒకదాని పిస్టను రెండవదానికి పనికిరాదు. అదివరకే రీబోరు చేసిన ఇంజనైతే పిస్టను తలమీద 0.50 వంటి అంకె ఉండవచ్చును. అనగా అసలు కొలతకంటె అర మిల్లీమీటరు లావు. మరల రీబోరు చేయించవలసివస్తే పిస్టన్లు ముందు కొని, వాటిని కొలిచి, ఆ కొలతకే సిలిండరు కోయించండి.

బేరింగులకు ఒక సులువైన గుర్తు ఉన్నది. 6205 వంటి అంకెలో చివరి రెంటిని అయిదుతో హెచ్చించండి: 25 మిల్లీమీటర్లు. అది లోపలి రంధ్రపు కొలత. 6308 అయితే 40. అంకె కనబడుచున్నంత వరకు పాత బేరింగును పారవేయవద్దు.

వెనుక ఇరుసులోని క్రౌను, పినియను జంటగా పుట్టినవి. ఒకటి అరిగితే రెండును కలిపి మార్చవలెను. కొత్తదాని ప్రక్కన పాతది ఉంచితే అరుపు మొదలై, కొద్ది కాలానికే పళ్ళు చెడును.

సామాను కొరకు సికింద్రాబాదులోని రాణీగంజ్‌కు గాని విజయవాడ ఆటోనగరుకు గాని వెళ్ళునప్పుడు నోటిమాట చాలదు. పాత ముక్కను కడిగి సంచిలో వేసికొని వెళ్ళండి. ఇంజను, ఛాసిస్ అంకెలు కాగితంపై వ్రాసికొనండి. వర్నియరు కొలబద్ద వెంట ఉంచుకొని, సొమ్ము చెల్లించకముందే రెంటిని కొలిచి చూడండి. దొరకని బుష్షును, పిన్నును మంచి లేతు పనివాడు తగిన ఉక్కుతో చేసి ఇవ్వగలడు.

కాని బ్రేకు, స్టీరింగు, చక్రపు నట్ల విషయంలో ఆ వెసులుబాటు లేదు. కొన్ని పాత లారీలలో ఎడమ ప్రక్క చక్రాల నట్లు ఎడమవైపు తిప్పితే బిగియును. అది తెలియక ఊడదీయబోయి మరింత బిగించి బోల్టు విరుగగొట్టుదురు. బ్రేకు సిలిండరులోని రబ్బరు కప్పు కొంచెం చిన్నదైనను నూనె కారును. ఇంజను నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చెడిపోవును. ఇంజను ఆగితే బండి నిలిచిపోవును, అంతే. బ్రేకు తప్పితే లోపల కూర్చున్నది మన బిడ్డలు, ఎదుట నడుచుచున్నది పొరుగువారి బిడ్డలు. ఈ మూడింటికి సరియైనది దొరికే వరకు, ఆరు నెలలు పట్టినను సరే, లారీని వేపచెట్టు క్రిందనే ఉండనివ్వండి.