వెలిగొండ బాటలు - సైకిలు ప్రయాణము

2025వ సంవత్సరము మే నెల 28వ తేదీన కేంద్ర మంత్రివర్గమువారు బద్వేలు-నెల్లూరు నాలుగు వరుసల రహదారికి అనుమతి నొసంగిన సంగతి పాఠకులకు విదితమే. కడప జిల్లాలోని గోపవరము మొదలు నెల్లూరు చెంతనున్న గురువిందపూడి వఱకు 108 కిలోమీటర్ల దారి. వ్యయము 3,653 కోట్ల రూపాయలు. కృష్ణపట్టణము రేవునకు బోవు బండ్లకు ఇప్పటి 142 కిలోమీటర్ల ప్రయాణము దీనిచే దాదాపు 34 కిలోమీటర్లు తగ్గునని లెక్క గట్టిరి. కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక వాడల సరకు శీఘ్రముగా సముద్రము చేరును. వానలకై యెదురుచూచు మెట్టసీమయైన పడమటి నెల్లూరునకు ఇది మేలే యని మేమును తలంచుచున్నాము. కాని యీ లెక్కలలో లారీ గలదు, రేవు గలదు, కార్ఖానా గలదు. సైకిలు త్రొక్కువాడు మాత్రము మాకెచ్చటను కనబడలేదు.

వాడెవ్వడని యెవరైన నడుగవచ్చును. వేకువజామున సద్దిమూట హాండిలునకు దగిలించుకొని కూలికి బోవువాడు వాడే. పాలబిందెలు కట్టుకొని ఆత్మకూరు వచ్చువాడును వాడే. హైస్కూలునకు బోవు బాలిక గలదు. ఇటీవల పట్టణములలో ఉద్యోగులు, వైద్యులు, ప్లీడర్లు ఆదివారపు వేకువను వేడుకకై సైకిళ్లెక్కి దూరపు కొండలవైపు సాగుచున్నారు. కూటికి త్రొక్కువానికిని, వేడుకకు త్రొక్కువానికిని త్రోవ యొక్కటే, ముప్పును ఒక్కటే.

ఈ సీమ నెఱుగనివారికొఱకు దాని స్వరూపము కొంత చెప్పవలసియున్నది. నెల్లూరు, కడప జిల్లాల నడుమ వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా గోడవలె నిలిచియున్నవి. ఆ గోడను చీల్చుకొని పెన్న సోమశిలయొద్ద తూర్పునకు దిగివచ్చును. కొండపాదమున దక్షిణమునుండి లెక్కించినచో పెంచలకోన, సోమశిల, ఆత్మకూరు, దానికి వాయవ్యమున ఉదయగిరి, ఆవల సీతారామపురము, ఘటిక సిద్ధేశ్వరము, జిల్లా పొలిమేర దాటిన పిదప భైరవకోన. కోన యనగా కొండల నడిమి లోయయే గదా. ఈ కోనలను గలుపు త్రోవను ఎడమవైపున కొండలుంచుకొని ఉత్తరమునకు సాగు సైకిలు యాత్రికునకు ఒకప్రక్క ఎఱ్ఱచందనపు టడవి, ఒకప్రక్క చెఱువులు, మెట్టచేలు, పొగాకు తోటలు. దారి మిట్టపల్లములుగా నుండునే గాని ఊపిరి సలుపనీయని యెక్కుడు తఱచు రాదు. కొండను నిజముగా దాటవలెనన్నచో బద్వేలు దారి యొకటి గలదు, సీతారామపురమునుండి పోరుమామిళ్లకు బోవు దారి మఱియొకటి గలదు. దేశములోని పేరొందిన సైకిలు మార్గములతో పోల్చదగిన మార్గము మన పెరటిలో నుండగా మనవారు ఊటీకిని, కూర్గునకును పోవుచున్నారు.

ఉదయగిరి దుర్గము 3,079 అడుగుల కొండపై నున్నది. గజపతుల చేతినుండి శ్రీకృష్ణదేవరాయలు దీనిని 1514లో గైకొనెను. ముట్టడి ఏడాదిన్నర సాగెను. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమును జూచినచో ఒక విశేషము కనబడును. కోటకు చేరువగా బోవుటకు ఒక్కొక్క మనిషి మాత్రమే నడువదగిన యిఱుకుబాట యొక్కటే యుండెనట. రాయలు పెద్దపెద్ద గుండ్లు పగులగొట్టించి, మిట్టలు చదును చేయించి, ఆ యిఱుకుబాటను వెడల్పు చేయించి, వేఱు బాటలుగూడ వేయించెనట. కోటను గెలుచుటకు మొదట బాటను గెలువవలసివచ్చెను. అయిదువందల యేండ్ల తరువాత ఆ యూరికి బోవువాడు వచ్చిపోవు లారీలకు భయపడి త్రోవ విడిచి కంపలో దిగవలసివచ్చుట చిత్రము.

ఇచ్చట ఏటవాలును గుఱించి రెండు మాటలు చెప్పవలెను. ఇంజనీర్లకు తెలియని విషయము గాదు. వారు మఱచెడి విషయము. ఎద్దుబండ్ల కాలమున ఘాటుదారి వేసినవారు ఇరువది యడుగుల నడకకు ఒక యడుగుకంటె ఎక్కువ ఎత్తు రాకుండుటకై దారిని వంకరలు త్రిప్పుచుండిరి. ఏలయన అంతకు మించినచో ఎద్దు లాగజాలదు. నేటి మన రహదారుల నిబంధనలును కొండసీమకు ఇరువదింట నొకటి యను కొలతనే సామాన్యముగా విధించి, తప్పనిచోట రమారమి పదునాలుగింట నొకటి వఱకు సెలవిచ్చుచున్నవి. లారీ యింజనునకు ఈ తేడా అంతగా తెలియదు. కాళ్లకు తెలియును. ఎద్దునకు సరిపడిన వాలు సైకిలునకును సరిపడును. అందుచేతనే క్రొత్తగా కొండను తొలిచి తిన్నగా వేసిన దారికంటె పాత వంకరదారియే సైకిలువానికి ప్రియమైనది.

1910లో ఫ్రాన్సు దేశపు మహా సైకిలు పందెము మొదటిసారి పిరెనీసు పర్వతముల పెద్ద కనుమల నెక్కినప్పుడు అచ్చటివి మట్టిబాటలే. నేడు ఆ దేశపు కనుమలలో పెక్కింట కిలోమీటరునకొక రాయి పాతి, శిఖరమింకెంత దూరమో, రాబోవు కిలోమీటరులో వాలు నూటి కెంతయో దానిపై వ్రాసియుంచిరి. ఆ రాతికి కాగల ఖర్చెంత? దానిని జూచి దేశదేశములనుండి వచ్చు జనమువలన ఆ కొండపల్లెల పూటకూళ్లవారు బ్రతుకుచున్నారు. ఫ్రాన్సులోనే నాలుగేండ్ల కొకసారి జరుగు పారిస్-బ్రెస్ట్-పారిస్ 1,200 కిలోమీటర్ల యాత్రకు 2023లో మన దేశమునుండియు అనేకులు వెళ్లిరి. దానికి అర్హత సంపాదించుటకు 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు నియమిత కాలములో ముగింపవలెను. 200 కిలోమీటర్లకు పదుమూడున్నర గంటల గడువు. నెల్లూరునుండి సంగము, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి నూఱు కిలోమీటర్లకు చేరువ. పోయిరాగా ఆ లెక్క సరిపోవును. ఉదయగిరిలో దిగినవాడు కోటను జూచును, నాలుగు మెతుకులు తినును, అచ్చటి పనివారు చేయు కొయ్యచెంచాలు రెండు కొని సంచిలో వేసికొనును. ఆ కొయ్యపనికి భౌగోళిక గుర్తింపు లభించినది గాని, కొనువాడు ఆ యూరికి రావలెను గదా.

వేడుకవారి సంగతి యటుండనిండు. 2006లో బీహారు ప్రభుత్వమువారు తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చిరి. ఉన్నత పాఠశాలలలో చేరు బాలికల సంఖ్య దానిచే నూటికి ముప్పదివంతులకు పైగా పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. 1991 తరువాత తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. అదే కాలమున మన నెల్లూరు జిల్లాలో అక్షరములు నేర్చిన స్త్రీలు 1992లో కలిగిరి చెంత దూబగుంటలో సారా యంగడిని మూయించి, రాష్ట్రమునంతను కదిలించిరి. అచ్చట చదువు సైకిలెక్కించినది, ఇచ్చట చదువు సారాను దింపినది. ఆ తల్లుల మనుమరాండ్రు నేడు బడికి బోవలసిన దారి యెట్లున్నది? మన ప్రభుత్వమువారును ‘బడికొస్తా’ యను పేర బాలికలకు సైకిళ్లు పంచిరి. సైకిలిచ్చి బాట నీయకుండుట చెంబిచ్చి నీరీయకుండుటవంటిది.

బాట యనగా మేము కోరునది పెద్దది గాదు. తారురోడ్డు ఏటేట పొరపై పొర వేయగా జానెడెత్తు పెరిగినది. మార్జిను మాత్రము క్రుంగినది. వెనుకనుండి లారీ హారను మ్రోగించినంతనే సైకిలువాడు ఆ జానెడెత్తునుండి దుముకవలెను. దిగినచోట సర్కారు కంప. ముల్లు దిగి టైరు పంక్చరు. నిజము చెప్పవలెనన్న దోషమంతయు ప్రభుత్వముదే కాదు. కోతలకాలమున సగము రోడ్డుపై వడ్లారబోసి, అంచున రాళ్లు పేర్చి, చీకటిపడినను తీయనివారు మన పాఠకులలోనే యున్నారు. ఇనుపచక్రముల ట్రాక్టరును పొలమునుండి నేరుగా తారుపైకి తోలువారు నున్నారు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో మన తాలూకాలవారు లేరని యనుకొనుట తగదు.

ఇక క్రొత్త దారి మాట. 2023 ఆగస్టు 1వ తేదీనుండి బెంగుళూరు-మైసూరు మహామార్గముపై మోటారు సైకిళ్లను, ఆటోలను, ట్రాక్టర్లను, యంత్రము లేని బండ్లను నిషేధించిరి. వేగపు త్రోవలో నెమ్మది బండి ప్రమాదమే. ఆ నిషేధమును మేము తప్పుపట్టము. రేపు మన దారికిని అట్టి నిషేధము రావచ్చును. అప్పుడు పాత దారి యెవరిది? రహదారి ప్రక్కకు తొలగినచోట పాత దారి సామాన్యముగా రాష్ట్రపు రోడ్లు భవనముల శాఖకు జేరును, చేరి అనాథయగును. గుంటలు పడును, వంతెన కూలును, అడుగువారుండరు. అట్లుగాక, లారీలు తొలగిన ఆ దారిని నెమ్మది ప్రయాణమునకే కేటాయించి, రెండు ప్రక్కల మార్జినును తారుతో సమముగా ఎత్తించి, కంప కొట్టించి, చింత, కానుగ, వేప నాటించవలెనని మేము కోరుచున్నాము. క్రొత్తదియు పాతదియు నొక్కటిగా నడచుచోట సర్వీసు రోడ్డు తెగక సాగవలెను. ఊరిని రెండుగా చీల్చినచోట క్రిందుగా సైకిలు పోదగిన త్రోవ వదలవలెను. ఘాటు మొదట, నడుమ, కొసను నీటి తొట్టియు నీడయు నుండవలెను. ఫ్రాన్సువారి రాయి యిచ్చటను పాతవచ్చును, తెలుగులో. 3,653 కోట్ల పనిలో ఈ ఖర్చు తవుడులో ఉప్పు పాటిదిగూడ గాదు. తన అవసరమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు మించి పరదేశములనుండి దెచ్చుకొను దేశమునకు, చమురు త్రాగని చక్రము రాట్నమునకు తోబుట్టువే.

యాత్రికులకును ఒక మాట. రోహిణికార్తెలో పడమటి గాడ్పునకు ఎదురు త్రొక్కుట సాహసము గాదు, అవివేకము. ఈ సీమకు వానలు ముఖ్యముగా ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. ధనుర్మాసమునుండి శివరాత్రి వఱకు అనువైన కాలము. అడవిదారిని చీకటిలో పోరాదు. ఎఱ్ఱచందనపు దొంగలవలన అచ్చటి చెక్‌పోస్టులవారికి ప్రతివానిపైనను అనుమానమే; అది వారి తప్పు గాదు.

నిర్మాణపు పని పూర్తియైన తరువాత అర్జీలిచ్చుటకంటె ఇప్పుడే చెప్పుట మేలని ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల శాసనసభ్యులకును, మండల పరిషత్తులకును మనవి చేయుచున్నాము. ఈ పనికి బాధ్యులైన యింజనీర్లలో నొక్కరైనను ఒక వేకువను జీపు దిగి, ఆత్మకూరునుండి మఱ్ఱిపాడు మండలము మీదుగా కొండ మొదలు వఱకు సైకిలుపై పోయి రావలెనని మా కోరిక. సైకిలు ఇంటినుండియే తెచ్చుకొనవలెను. పూర్వమువలె గంట కింతయని అద్దెకిచ్చు అంగళ్లు ఇప్పుడు లేవు.