ఉస్తాదును మైదానంలోనే వదలి రండి

గత మాసం జుమా నమాజు అనంతరం ఒక సోదరుడు మా వద్దకు వచ్చి సలహా కోరారు. తమ వీధి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే బాధ్యతను ఆయన స్వీకరించారట. ఆ పిల్లల్లో ఆయన కుమారులు ఇద్దరున్నారు. "మౌలానా! సొంత బిడ్డలకు తండ్రే శిక్షకుడు కావడం మంచిదేనా?" అన్నది ఆయన సందేహం. వెంటనే జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆ పరీక్ష ఒకప్పుడు మేమూ రాశాము, ఉత్తీర్ణులం కాలేకపోయాము.

ఆట విషయంలో సంశయం లేదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె, మరోసారి ఆయన గెలిచారు. నమాజు వేళ తప్పకుండా, హద్దులు మీరకుండా ఆడే ఆట బిడ్డలకు ఆరోగ్యాన్నీ క్రమశిక్షణనూ ఇస్తుంది. సంశయమల్లా తండ్రి చేతికి ఈల వచ్చిన తరువాత ఆయన ఏమవుతాడన్నదే.

పదిహేనేళ్ల క్రితం మాట. అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ వరకు మదరసా ఆవరణలో పిల్లలకు వాలీబాల్ నేర్పేవారము. మా పెద్దబ్బాయికి అప్పుడు పదమూడేళ్లు. "ఉస్తాదు కొడుకు కాబట్టే జట్టులో ఉన్నాడు" అన్న మాట ఎవరి నోటా రాకూడదని మా పట్టుదల. అందుచేత ఇతర పిల్లల పొరపాట్లను ఓపికతో దిద్దేవారము. మా అబ్బాయి పొరపాటును మాత్రం గట్టిగా మందలించేవారము. దానిని నిష్పక్షపాతమని భ్రమించాము.

ఒకనాడు పొరుగూరి జట్టుతో పోటీ జరిగింది. చివరి సెట్టులో మా అబ్బాయి చేసిన సర్వీసు నెట్టుకు తగిలింది. అంతకు ముందు మరి ఇద్దరి సర్వీసులూ అలాగే తగిలాయి. వారితో "పరవాలేదు బేటా" అన్నాము. మా అబ్బాయిని మాత్రం అందరి ఎదుట మందలించి, బయటికి పిలిచి, వేరొకరిని లోపలికి పంపాము. పోటీలో ఓడిపోయాము. స్కూటరు మీద ఇంటికి వచ్చే దారి పొడవునా, ఆపై దస్తర్‌ఖాన్ దగ్గరా వాడి తప్పులే ఏకరువు పెట్టాము. వాడు తల వంచుకొని తిన్నాడు.

మరునాడు వాడు ఆవరణకు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. కారణం మా ఇల్లాలు చెప్పింది: "ఓడిపోయినందుకు కాదండీ వాడి బాధ. 'సాయంత్రం ఇంటికి ఉస్తాదే వస్తున్నారు, అబ్బా రావడం లేదు' అంటున్నాడు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకొక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. సంతానమందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) విచారించారు. లేదని తెలిసి, సాక్ష్యానికి నిరాకరించి, బిడ్డల మధ్య న్యాయం పాటించమని ఆదేశించారు. ఈ హదీసును ఎన్నో ఏళ్లుగా పిల్లలకు బోధిస్తున్నాము. ఒక బిడ్డకు ఎక్కువ ఇవ్వరాదన్నంత వరకే దానిని గ్రహించాము. లోకుల మాటకు జంకి ఒక బిడ్డకు తక్కువ ఇవ్వడమూ అన్యాయమేనని అప్పటిదాకా మాకు తోచలేదు. ఆప్తులకు వ్యతిరేకమైనా న్యాయం వైపు నిలబడమన్నది దివ్య ఖుర్ఆన్ ఆజ్ఞ. న్యాయంగా కనబడడం కోసం ఆప్తులను నొప్పించమని అది ఎన్నడూ చెప్పలేదు.

అయితే సొంత బిడ్డను బయట కూర్చోబెట్టడమే తప్పా? కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. అక్కడ మన జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. ఒక్కదానిలోనూ హకీం బరిలోకి దిగలేదు. అయినా ఆయనకు ఆటపై మమకారం తగ్గలేదు. తరువాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకునిగా ఫుట్‌బాల్‌తోనే జీవించారు. మా అబ్బాయిని గాయపరిచింది కూడా బయట కూర్చోవడం కాదు, మేము అన్న మాటలు.

కనుక ఆ సోదరునికి మేము చెప్పినది ఇది. మొదట బిడ్డను అడగండి: నేను నీకు ఉస్తాదుగా ఉండడం నీకు ఇష్టమేనా అని. మీ బిడ్డను ఆడించాలా వద్దా అన్న నిర్ణయాన్ని సాధ్యమైతే మరొక పెద్దకు అప్పగించండి. పదిమందిలో పొరుగువారి బిడ్డతో అనలేని మాటను మీ బిడ్డతోనూ అనకండి. మైదానం దాటిన తరువాత, బిడ్డ తానుగా ఎత్తితే తప్ప ఆట ఊసు ఎత్తకండి.

శక్తికి మించి సాధన చేయించకండి. మదీనాలో ప్రవక్త (స) గుర్రపు పందేలు నిర్వహించినప్పుడు తర్ఫీదు పొందిన గుర్రాలకు దూరం ఎక్కువగా, పొందని వాటికి తక్కువగా నిర్ణయించారు. గుర్రాల పట్లనే అంతటి శ్రద్ధ చూపినప్పుడు పదేళ్ల పిల్లలకూ పదిహేనేళ్ల వారికీ ఒకే సాధన ఎలా తగును?

సమయం వచ్చినప్పుడు తప్పుకోవడమూ తెలియాలి. నిజామాబాద్ జమీల్ అహ్మద్ సాహెబ్ తమ కుమార్తె నిఖత్ జరీన్‌కు మొదట తామే పరుగులో శిక్షణ ఇచ్చారు. ఆమె మనసు బాక్సింగ్ వైపు మళ్లినప్పుడు అడ్డుపడక, ఆ విద్య తెలిసినవారి చేతికి అప్పగించి, తండ్రిగా వెన్నంటి నిలిచారు. ఆమె 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది.

మా అబ్బాయి మళ్లీ మా జట్టులో ఆడలేదు. మేము క్షమాపణ అడిగిన రోజున వాడు సిగ్గుపడి "అలా అనకండి అబ్బా" అని మాత్రం అన్నాడు. కొన్నాళ్లకు ఒక సెలవు దినాన బంతి తెచ్చి, ఇంటి ముంగిట మమ్మల్ని ఆడమన్నాడు. నెట్టు లేదు, లెక్క లేదు. మా సర్వీసు వెళ్లి పక్కింటి గోడకు తగిలింది. "పరవాలేదు అబ్బా" అన్నాడు. ఆ మాట వాడు మా నోటి నుంచి ఎన్నడూ వినలేదని ఆ క్షణాన గుర్తుకు వచ్చింది.

మన బిడ్డలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. దానిని గాయపరచకుండా కాపాడుకునే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.